పదమునకు హద్దు ఎక్కడ?

కళాశాల విద్యార్థుల పేర్ల పట్టికను కంప్యూటరులో సరిచూచు పని కొంతకాలము నా చేతిలో ఉండెను. ఆ పట్టిక ఇంగ్లీషు అక్షరములలో ఉన్నది. అందు అనేకుల పేర్లకు ముందు ఎం, డి, చుక్క, ఇంతే ఉండెను. మహమ్మద్ అను పేరునకు మనవారు తరతరములుగా వ్రాయుచున్న పొట్టి రూపమిది. ఉపకారవేతనపు దరఖాస్తులలో పేరు పూర్తిగా ఉండవలెనని సూచన వచ్చినది. ఒక్కొక్క పేరును దిద్దుటకు బద్ధకించి, "ఎం డి చుక్క ఎక్కడ కనిపించిన అక్కడ మహమ్మద్ అని పెట్టుము, పెద్ద అక్షరము, చిన్న అక్షరము అను భేదము చూడకుము" అని యంత్రమునకు ఒక ఆజ్ఞ ఇచ్చితిని. రెప్పపాటులో పని ముగిసినది. నేనును సంతోషించితిని.

కొన్ని దినముల తరువాత ఒక విద్యార్థి తిరిగివచ్చిన తన దరఖాస్తును తెచ్చి నా బల్లపై పెట్టెను. అతని పేరు ఇమ్దాద్. కాగితముపై మాత్రము మొదట "ఐ" అను ఒక్క అక్షరము, దానికి అంటుకొని మహమ్మద్, దాని చివర మరియొక "డి" ఉన్నవి. మార్కుల మెమోలోని పేరుతో ఇది సరిపోలుట లేదని దరఖాస్తును త్రిప్పి పంపిరి. ఇమ్దాద్ అనగా ఉర్దూలో సహాయము. సహాయము కోరిన కాగితములో సహాయమను మాటనే నేను చెరిపివేసితిని.

ఈ తప్పు ఎట్లు జరిగినదో వివరించుటకే ఈ వ్యాసము. ఇది కంప్యూటరు విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయమని తక్కినవారు పుట త్రిప్పవద్దు. రెండు లిపులలో చదువుకొను మనవంటి వారికే ఇందు ఎక్కువ పని ఉన్నది.

వ్రాతలో ఒక మాటను వెతికి దాని స్థానమున మరియొకటి ఉంచుటకు కంప్యూటరులలో "రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్" అను పరికరము కలదు. దీనిని మనము నమూనా అందము. అమెరికా గణితశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ క్లీనీ 1951లో, నాడీకణముల జాలమునకు గణితరూపము నిచ్చు ప్రయత్నములో ఈ భావమును కల్పించెను. ఆ రచన 1956లో అచ్చయినది. 1968లో కెన్ థాంప్సన్ దానిని వ్రాతలో వెతుకుటకు ఉపయోగించు పద్ధతిని ప్రకటించెను. నాడీకణముల నుండి పేర్ల పట్టికల వరకు సాగిన ప్రయాణము చిత్రమైనదే గాని, దానిని ఇక్కడ విస్తరింపను.

నమూనాలో కొన్ని గుర్తులకు ప్రత్యేకమైన అర్థములున్నవి. చుక్క అనగా "ఏదో ఒక అక్షరము". నిలువు గీత అనగా "ఇది గాని, అది గాని". కుండలీకరణములలో పెట్టిన భాగమును యంత్రము జ్ఞాపకముంచుకొని, అడిగినప్పుడు తిరిగి ఇచ్చును. ఇప్పుడు నా తప్పు తెలియుచున్నది గదా! నేను చుక్క అనుకొన్నది యంత్రమునకు చుక్క కాదు. ఎం, డి, వాటి తరువాత ఏ అక్షరమైనను సరే అని అది గ్రహించినది. ఇమ్దాద్ అను పేరును ఇంగ్లీషులో వ్రాసిన నడుమ ఎం, డి, ఏ అను మూడక్షరములు వరుసగా వచ్చును. ఆ మూడును పోయి అక్కడ మహమ్మద్ చేరెను. హమ్దానీ అను ఇంటిపేరు గలవారు ఆ పట్టికలో లేకపోవుట నా అదృష్టము.

చుక్కను చుక్కగానే చూడుమని చెప్పవలెనన్న దాని ముందు వెనుకకు వాలిన గీతను ఉంచవలెను. అది చిన్న దిద్దుబాటు. పెద్ద దిద్దుబాటు వేరొకటి కలదు. "ఈ అక్షరములు ఒక పదము నడుమ ఉన్న ముట్టకుము, పూర్తి పదముగా నిలిచినప్పుడే మార్చుము" అని చెప్పుటకు హద్దు గుర్తు ఉన్నది. వెనుకకు వాలిన గీత ప్రక్కన ఇంగ్లీషు చిన్న "బి" వ్రాసిన అది హద్దు గుర్తగును. ఈ గుర్తు ఏ అక్షరమును ఆక్రమించదు. పొలముల నడుమ గనెమవలె కాక, రెండు పొలములు కలియు గీతవలె ఉండును: వెడల్పు లేదు, స్థానము మాత్రమే ఉన్నది. ఒక ప్రక్క పదములో చేరు అక్షరము, మరియొక ప్రక్క పదములో చేరనిది, అనగా ఖాళీ, కామా, చుక్క, పంక్తి మొదలు, పంక్తి చివర, ఇట్టిది ఉన్నచోట హద్దు ఉన్నట్లు. రెండు ప్రక్కలను ఒకే జాతివి ఉన్న అక్కడ హద్దు లేదు.

ఈ చివరి వాక్యమును మరల ఒకసారి చదువుడని కోరుచున్నాను. తరువాతి చిక్కులన్నియు దాని నుండి పుట్టినవే. ఎం, డి, చుక్క అను నమూనాకు ముందు ఒక హద్దు గుర్తు, వెనుక ఒక హద్దు గుర్తు ఉంచితిమనుకొనుడు. చుక్క తరువాత పట్టికలో ఖాళీ ఉన్నది. చుక్క పదములో చేరదు, ఖాళీయు చేరదు. రెండును ఒకే జాతి. కావున అక్కడ హద్దు లేదు, నమూనా దొరకదు! ఖాళీ లేకుండ పేరును చుక్కకు అంటించి వ్రాసినచోట మాత్రము దొరకును. చివరి హద్దు గుర్తును తీసివేసి, ముందుది మాత్రమే ఉంచుట ఇక్కడ సరియైన మార్గము. ఇమ్దాద్‌లో ఎం అక్షరమునకు ముందు ఐ ఉన్నది గనుక అక్కడ హద్దు లేదు, పేరు చెడదు.

హద్దు మరచిన వారిలో నేను మొదటివాడను కాను. యాహూ సంస్థ తన ఉత్తరముల సేవలో, హాని చేయు ఆజ్ఞలు దూరకుండ కొన్ని మాటలను తనంతట తానే మార్చివేయు ఏర్పాటు చేసినది. "ఎవాల్" అను ఆజ్ఞ ఉన్నచోట "రివ్యూ" అని పెట్టెడిది. దానితో మధ్యయుగమునకు సంబంధించిన "మెడీవల్" అను ఇంగ్లీషు మాట, చివర ఆ నాలుగక్షరములు ఉన్న కారణమున, "మెడిరివ్యూ"గా మారి ఉత్తరములలో తిరిగినది. ఈ సంగతి 2002లో పత్రికల కెక్కెను. అప్పటికే ఆ లేని మాట చరిత్ర సంబంధమైన వ్రాతలలోను చోటు చేసికొన్నది.

మన రాష్ట్రములో ఇంతకంటె సమీపమైన ఉదాహరణము కలదు. 2024 మార్చిలో వాహనముల నమోదుకు తెలంగాణ సంకేతము టిఎస్ నుండి టిజిగా మారినది. అటు తరువాత మే నెలలో ప్రభుత్వ సంస్థల పొట్టి పేర్లును మారినవి. ఇంగ్లీషు పెద్ద అక్షరములలో ఉన్న ఒక కార్యాలయ పత్రములో టి, ఎస్ అను రెండక్షరములను గ్రుడ్డిగా మార్చిన ఏమగునో ఆలోచింపుడు. స్టూడెంట్స్ అను మాట చివర ఆ రెండే ఉన్నవి. డిస్ట్రిక్ట్స్ చివరను, రైట్స్ చివరను అవే. అన్నియు చెడును. పోనీ, ముందును వెనుకను హద్దు పెట్టితిమా, టిఎస్‌పిఎస్‌సి అను పేరులో టిఎస్ విడిగా నిలువదు గనుక అది మారక మిగిలిపోవును. ముందు మాత్రమే హద్దు పెట్టిన అది టిజిపిఎస్‌సిగా సరిగా మారును గాని, ఆర్టీసీ వద్ద మరల చిక్కు: టిఎస్‌ఆర్‌టిసి మారి టిజిఆర్‌టిసి కాలేదు, టిజిఎస్‌ఆర్‌టిసి అయినది. ఏ నమూనాయు ఊహింపజాలని సంగతి ఇది, మనుష్యుడు చెప్పవలసినదే. మరియు ఆ మార్పునకు ముందు టిఎస్‌తో నమోదైన బండికి టిఎస్ సంఖ్యయే ఉన్నది. ఆ సంఖ్యను పట్టికలో టిజిగా మార్చిన అది దిద్దుబాటు కాదు, లేని బండిని సృష్టించుట.

ఇంతవరకు ఇంగ్లీషు అక్షరముల మాట. తెలుగు లిపిలోనికి రాగానే నేల కదలును.

2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుపడినవి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరైనది. పాత పత్రములను క్రొత్త జిల్లాలకు అనుగుణముగా దిద్దు పని మన మూడు పట్టణములలోను ఎందరి చేతులలోనో పడినది. ఆ మూడు పేర్లనే నమూనాలుగా తీసికొని, రెండు ప్రక్కల హద్దు గుర్తుంచి, పైథాన్ అను ప్రోగ్రాము భాషలో వెతికి చూచితిని. "గద్వాల" అని విడిగా ఉన్నచోట దొరికినది. "వనపర్తి" అని విడిగా ఉన్నచోట దొరకలేదు. "వనపర్తికి" అని ఉన్నచోట దొరికినది! "నాగర్‌కర్నూల్" విడిగా ఉన్నచోట అదియు దొరకలేదు. ఉన్నచోట లేదనును, లేనిచోట ఉన్నదనును. యంత్రము నన్ను పరిహసించుచున్నదా అనిపించినది.

పరిహాసము కాదు. కంప్యూటరు మన అక్షరములను యూనికోడ్ అను అంతర్జాతీయ క్రమములో దాచుకొనును. అందు "ర్తి" ఒక అక్షరము కాదు. ర, పొల్లు, త, గుడి అను నాలుగు గుర్తుల వరుస. హల్లులును అచ్చులును "అక్షరములు" అను తరగతిలో ఉన్నవి; గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న "చేర్పు గుర్తులు" అను వేరొక తరగతిలో ఉన్నవి. పైథాన్‌తో వచ్చు నమూనాల పరికరము అక్షరములను, అంకెలను, క్రింది గీతను మాత్రమే పదములో చేర్చుకొనును. చేర్పు గుర్తులను ఖాళీతోను కామాతోను సమానముగా చూచును. ఇక వనపర్తి సంగతి విప్పుడు. ఆ పేరు గుడితో ముగియును. గుడి పదములో చేరనిది, తరువాతి ఖాళీయు చేరనిది. ఒకే జాతి, కావున హద్దు లేదు. "వనపర్తికి" అన్నప్పుడు గుడి తరువాత క వచ్చినది. ఒకటి చేరనిది, ఒకటి చేరునది, హద్దు ఉన్నది! ఎం, డి, చుక్కలో మనము చూచిన చిక్కే ఇది. మన గుడి దానికి ఒక చుక్కవంటిది. గద్వాల తలకట్టుతో, అనగా ఒట్టి హల్లుతో ముగియుట చేత బ్రతికిపోయినది. నాగర్‌కర్నూల్ పొల్లుతో ముగియుట చేత చిక్కుకొన్నది.

ఇంతటితో ఆగదు. "కల" అను మాటను "స్వప్నము"గా మార్చుమని ఈ పద్ధతిలో చెప్పిన, కలిమి అను మాటలో క, ల తరువాత గుడి ఉన్నది గనుక అక్కడ పదము ముగిసినదని తలచి, కలిమిని విరిచి స్వప్నము ప్రక్కన అనాథయైన గుడిని నిలుపును. కలిమి గలవారును దాని నుండి తప్పించుకొనలేరు.

అన్ని భాషలును ఇట్లే ప్రవర్తించవు. జావాస్క్రిప్ట్‌లో పదములో చేరునవి మొత్తము 63 మాత్రమే: ఇంగ్లీషు పెద్దక్షరములు 26, చిన్నవి 26, అంకెలు 10, క్రింది గీత 1. దాని దృష్టిలో ఒట్టి తెలుగు పుటలో పదమే లేదు. కావున హద్దు గుర్తుతో వెతికిన గద్వాల కూడ దొరకదు. పెర్ల్ అను భాష ఇందుకు భిన్నముగా, చేర్పు గుర్తులను పదములో చేర్చుకొనును. అక్కడ వనపర్తి ఉన్నచోట దొరకును, వనపర్తికి అన్నచోట ఆగును. కావున "ఈ నమూనా సరియైనదేనా?" అను ప్రశ్నకు ముందు "ఏ భాషలో?" అని అడుగవలసి ఉన్నది.

పైథాన్‌లోను జావాస్క్రిప్ట్‌లోను పనిచేయువారు ఇచ్చిన హద్దును విడిచి, తమ హద్దును తాము వ్రాసికొనుట మంచిది. దానికి వెనుకచూపు, ముందుచూపు అను గుర్తులున్నవి. అవి అక్షరమును తాకక, ఇరుగుపొరుగును చూచి వచ్చును. తెలుగునకు యూనికోడ్‌లో 128 స్థానములు కేటాయించిరి. ఆ వరుసనంతటిని "తె" అను పొట్టి గుర్తుతో చూపినచో నమూనా ఇట్లుండును: (?<![తె])వనపర్తి(?![తె]). ముందు తెలుగు గుర్తు ఏదియు ఉండరాదు, వెనుకను ఉండరాదు అని దీని భావము. పని చేయునప్పుడు "తె" స్థానమున ఆ వరుస మొదటి స్థానమును, చివరి స్థానమును, నడుమ చిన్న గీతను వ్రాయవలెను.

ఇక్కడ నాగర్‌కర్నూల్ మరియొక పరీక్ష పెట్టును. తుంగభద్రకు ఈవల అలంపురము, ఆవల కర్నూలు. మన ప్రాంతపు వ్రాతలలో రెండు కర్నూళ్ళును వచ్చును. ఒక వ్యాసకర్త కర్నూలునకు కందనవోలు అను పాత పేరు వాడదలచెను అనుకొనుడు. హద్దు లేకుండ మార్చిన మనకు "నాగర్‌కందనవోలు" అను క్రొత్త జిల్లా కేంద్రము లభించును. పైన చెప్పిన వెనుకచూపు దీనిని ఆపవలెను గదా? ఎల్లప్పుడు ఆపదు. నాగర్‌కర్నూలు అని వ్రాయునప్పుడు ర్, క కలిసి వత్తుగా మారకుండుటకు, వాటి నడుమ కంటికి కనబడని ఒక గుర్తును ఉంచుదురు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది తెలుగు వరుసలోనిది కాదు. కర్నూలు యొక్క క అక్షరము వెనుకకు చూచినప్పుడు ఆ గుర్తే కనబడును గాని దాని వెనుకనున్న నాగర్ కనబడదు. అందుచేత ఆ కనబడని గుర్తును కూడ నమూనాలో చేర్చవలెను. అదే పేరును కొందరు ఆ గుర్తు లేకుండ వ్రాయుదురు. చెవికి రెండును ఒకటే, యంత్రమునకు రెండు పేర్లు. రెండును వెతుకవలసినదే.

హద్దు సరిపడిన తరువాత తెలుగు తన అసలు స్వభావమును చూపును. ఇంగ్లీషులో ఊరిపేరు వాక్యములో ఎక్కడ ఉన్నను ఒకే రూపముతో ఉండును. మనకు గద్వాలలో, గద్వాలకు, గద్వాలనుండి, గద్వాలవారు అని ప్రత్యయములు అంటుకొనును. పూర్తి పదమునే మార్చుమన్న ఇవి ఏవియు మారవు. కనుక వనపర్తి(లో|కి|ని|నుండి)? అని వ్రాసి, కుండలీకరణములలోని ప్రత్యయమును జ్ఞాపకముంచుకొని, క్రొత్త పేరునకు తిరిగి తగిలింపుమని చెప్పవలెను. చివరి ప్రశ్న గుర్తునకు "ఉండినను ఉండకున్నను" అని అర్థము. కాని వనపర్తికి అను చోట గద్వాల పెట్టిన "గద్వాలకి" అగును. ఇకారము తరువాత కు, ను అనునవి కి, ని అగునని చిన్నయసూరి బాలవ్యాకరణములో చదువుకొన్న విద్యార్థికి ఇది వెంటనే తోచును; యంత్రమునకు తోచదు. కి ఉన్నచోట కు, ని ఉన్నచోట ను అని వేరుగా రెండు ఆజ్ఞలు వ్రాయవలెను. "గద్వాలంటే" అని సంధి జరిగినచోట ఆ అకారము ఊరిపేరునకు చెందునో, అంటే అను మాటకు చెందునో పండితులే తేల్చవలెను! వ్యాకరణము పరీక్షల కొరకే అనుకొను మిత్రులు ఈ సంగతి గమనింపవలెనని నా మనవి.

పదము దొరికినను అర్థము దొరకినట్లు కాదు. జిల్లా పేరు జోగులాంబ గద్వాల. పట్టణము పేరు గద్వాలయే. గద్వాల చీర, గద్వాల సంస్థానము అనుచోట్ల జోగులాంబ చేరరాదు. అదే ఆజ్ఞను తెలియక రెండవసారి నడిపిన "జోగులాంబ జోగులాంబ గద్వాల" అగును. ముందు జోగులాంబ లేనిచోటనే మార్చుమని వెనుకచూపుతో చెప్పవలెను. ఆ జిల్లాలోనే గట్టు అను మండలము ఉన్నది. చెరువు గట్టు మీద అన్నప్పుడును గట్టు పూర్తి పదమే. ఏ హద్దు గుర్తు ఈ రెంటిని వేరుచేయును? "గట్టు మండలము" అని రెండు మాటలను కలిపి వెతికిననే కొంత ఊరట. మహబూబ్‌నగర్ జిల్లా అన్నదానిని దిద్దుటయు ఇట్టిదే. దాని స్థానమున ఏ పేరు పెట్టవలెనో దాని ప్రక్కనున్న ఊరు చెప్పవలెను: అలంపురమైన జోగులాంబ గద్వాల, కొత్తకోటయైన వనపర్తి, అచ్చంపేటయైన నాగర్‌కర్నూల్. 1990లో వ్రాసిన పత్రములోని జిల్లా పేరును మాత్రము అట్లే విడిచిపెట్టవలెను. ఆనాడు అది నిజము.

ఉర్దూ విభాగపు మిత్రులు తమ లిపిలో ఈ బాధ లేదని తలచెదరేమో. అలీ అను పేరు ఇంగ్లీషులో వ్రాసిన సలీం, ఖలీల్, హలీమా అను పేర్లలో దాగి ఉండును. తెలుగులో అకారము విడిగా పద మొదటనే వచ్చును గనుక ఆ మూడింటిలో అలీ దొరకదు. ఉర్దూలో ఐన్, లామ్, యే అను మూడక్షరములు కలిసిన అలీ. అవే మూడును అదే వరుసలో అలీమ్ అను పేరులో ఉన్నవి, తాలీమ్ అను మాట నడుమను ఉన్నవి. హద్దు లేకుండ అలీని మార్చినవాడు విద్యను మార్చినవాడగును. మరియు యూనికోడ్‌లో అరబ్బీ యే వేరు, ఉర్దూవారు వాడు యే వేరు. పద నడుమ రెండింటి రూపము ఒక్కటే. ఒకదానితో వెతికిన రెండవది దొరకదు.

ఇప్పుడు నేను పట్టికను దిద్దునప్పుడు మొదట మార్పు చేయను. నమూనా దొరికిన ప్రతి పంక్తిని, ఇరుప్రక్కల మాటలతో సహా, వేరుగా వ్రాయించుకొందును. ఆ కాగితమును చదివి, తప్పుగా దొరికినవానిని ఎర్ర కలముతో గుర్తించి, నమూనాను దిద్ది, మరల వ్రాయించుకొందును. పాత పట్టిక ప్రతిని విడిగా దాచిన తరువాతనే మార్పునకు ఆజ్ఞ ఇచ్చెదను. మొన్నటి పట్టికలో మూడవసారికి గాని ఎర్ర గుర్తు లేని కాగితము రాలేదు.

ఇమ్దాద్ పేరును మాత్రము ఆనాడే చేతితో దిద్దితిని. అతడు కుర్చీ వెనుక నిలిచి, తెరపై ఒక్కొక్క అక్షరమును పైకి చదివి, "ఇప్పుడు సరిగా ఉన్నది సార్" అని చెప్పి, క్రొత్త కాగితము అచ్చువేయించుకొని వెళ్ళెను.